ఆకాశంలో మనకు పొరుగువారున్నారా?

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఈ యేటికి రాజెవరు, మంత్రి ఎవరు, సేనాధిపతి ఎవరు, సస్యాధిపతి ఎవరు అని శ్రద్ధగా వింటాము. పేర్లన్నీ గ్రహాలవే. ఏటేటా ఆ కొలువు మారుతుంది. కాని కొలువు తీర్చిన ఆ గ్రహాలమీద ఎవరైనా కాపురమున్నారా, ఉంటే వారికి మనవలె ఆలోచించే బుద్ధి ఉన్నదా అన్న ప్రశ్నకు ఏ పంచాంగమూ జవాబు చెప్పదు. ప్రశ్న మాత్రం చాలా పాతది. దాని చరిత్రలో తెలుగుదేశానికి కొంత చోటున్నది. మనం నివసిస్తున్న ఈ కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతపు నల్లనేలకు కూడ కొంత సంబంధమున్నది. ఆ మేరకు నాకు తెలిసినది పాఠకులకు మనవి చేస్తాను.

మన పెద్దలు విజయనగర రాజుల కాలంలోను, మధుర నాయకుల కాలంలోను ఇటు తరలివచ్చినారని ఇంటింటా చెప్పుకొంటాము. ఆ వలసల కథనే మన కోవిల్‌పట్టి ప్రక్క ఇడైచేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తమ ‘గోపల్ల గ్రామం’ నవలలో తమిళంలో వ్రాసి 1976లో ప్రచురించినారు. వచ్చినవారు కులదైవాలను తెచ్చుకొన్నారు, పశువులను తోలుకొచ్చినారు, మాటను మూటగట్టుకొని వచ్చినారు. వారు తెచ్చుకోకుండానే, వారికి తెలియకుండానే మారిపోయినది ఒకటున్నది. అది ఆకాశం.

ధ్రువనక్షత్రం ఒక ఊరిలో ఎంత ఎత్తున కనబడుతుందో ఆ ఊరి అక్షాంశం అంత. గుంటూరులో అది దిక్చక్రానికి పదహారు డిగ్రీల పైన ఉంటుంది. విరుదునగర్‌లో తొమ్మిదిన్నర. కోవిల్‌పట్టిలో తొమ్మిది. ఉత్తరాన ఒక చింతచెట్టు అడ్డమున్నా ధ్రువుడు మనకు కనబడడు. కృష్ణ ఒడ్డు వదలి బండి కట్టిన కుటుంబానికి, మజిలీ మజిలీకీ ధ్రువుడు క్రుంగుతూ వచ్చినాడన్న మాట. ఉత్తరాన పోయినదానికి బదులు దక్షిణాన ఒకటి లభించినది. అక్కడ త్రిశంకు నక్షత్రం పైకి లేచినది.

త్రిశంకుని కథ తెలియని వారుండరు. బొందితో స్వర్గానికి పోదలచిన రాజును ఇంద్రుడు క్రిందికి త్రోసివేస్తే, విశ్వామిత్రుడు అతనిని నడుమనే నిలిపి, దక్షిణాన క్రొత్త నక్షత్రాలనే సృష్టింప బూనుకొన్నాడు. ఇక్కడా అక్కడా కాక మధ్యన వ్రేలాడేవానిని త్రిశంకు అంటాము. వలసవచ్చినవారికి ఆ మాట ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. ఆ చుక్కలే మనకు కృష్ణా గుంటూరు వారికంటె బాగా కనబడడం ఒక చమత్కారం.

ఆ త్రిశంకుకు తూర్పుగా రెండు ప్రకాశవంతమైన చుక్కలు ఉంటవి. వాటిలో దూరపుదాని పేరు ఆల్ఫా సెంటారి. సూర్యుని విడిచిపెడితే మనకు అతి సమీపమైన నక్షత్ర కుటుంబం అదే. కంటికి కనబడని చిన్న తమ్ముడొకడు దానికి ఉన్నాడు, పేరు ప్రాక్సిమా. దూరం 4.2 కాంతి సంవత్సరాలు. ఒక కాంతి సంవత్సరమంటే సుమారు 9.5 లక్షల కోట్ల కిలోమీటర్లు. 2016లో ఆ ప్రాక్సిమా చుట్టూ భూమికంటె కొంచెం బరువైన గ్రహమొకటి తిరుగుతున్నదని కనుగొన్నారు. దానికి ఏడాది అంటే మన 11 దినాలు. నీరు ద్రవరూపంలో ఉండదగిన దూరంలోనే అది తిరుగుతున్నది. అయితే ఆ నక్షత్రం అప్పుడప్పుడు భగ్గున మండే రకం. అక్కడ గాలి నిలిచియున్నదో లేదో ఎవరూ చెప్పలేరు. మన ఆకాశంలో పొరుగిల్లు అంటే అది.

అంత దూరాన, కంటికానని గ్రహాన్ని ఎట్లు కనుక్కొన్నారు? దుర్బిణిలో చూచి కాదు. నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీసి, ఆ గీతలు ఇటూ అటూ ఊగడాన్ని కొలిచి కనుక్కొన్నారు. వెలుగును విడదీసి చదివే ఈ విద్యకు గుంటూరుతో పెద్ద సంబంధమున్నది.

ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్టు కోంట్ 1835లో, నక్షత్రాలు ఏ పదార్థంతో చేయబడినవో మానవుడు ఎన్నటికీ తెలుసుకోలేడని ఘంటాపథంగా వ్రాసినాడు. ఆయనకు శివకాశి మతాబు చూపించి ఉంటే అంత తొందరపడేవాడు కాదేమో! బేరియం లవణం చేరిన మతాబు ఆకుపచ్చగా మండుతుంది, స్ట్రాన్షియం చేరినది ఎర్రగా మండుతుంది. మందు ముట్టుకోకుండానే, వీధి చివరనుండి వెలుగు చూచి అందులో ఏమున్నదో చెప్పవచ్చు. నక్షత్రాల విషయంలోనూ ఇదే సూత్రం.

2010 జనవరి 15న, కనుమనాడు, మధ్యాహ్నం ఒంటిగంట దాటిన తరువాత మన ఊళ్లలో సూర్యుడు బంగారు ఉంగరమై నిలిచిన దృశ్యం ఎందరికో జ్ఞాపకముండవచ్చు. అది కంకణ గ్రహణం. 1868 ఆగస్టు 18న తెలుగునేల మీదుగా సాగినది సంపూర్ణ గ్రహణం. దాని కోసం ఫ్రాన్సు దేశంనుండి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చి, ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట యంత్రాలు నిలిపినాడు. ఆంగ్లేయుడు టెన్నెంట్ కూడ గుంటూరులోనే దిగినాడు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. సూర్యుడు పూర్తిగా మరుగైన ఆ కొద్ది నిమిషాలలో, అంచున ఎగిసిన ఎర్రని జ్వాలలను వర్ణదర్శిని గుండా చూచినారు. అవి ఉదజని గీతలు! మనం త్రాగే నీటిలో ఉన్న ఉదజని సూర్యునిలోనూ మండుతున్నది. మరునాడు, గ్రహణం లేకుండానే ఆ జ్వాలలను చూచే ఉపాయం జాన్సెన్ గుంటూరులోనే సాధించినాడు. ఆ గ్రహణంలో కనబడిన ఒక పసుపు గీత ఎవరికీ పరిచితమైనది కాదు. దాని యజమాని హీలియం. భూమిమీద అది దొరికినది 1895లో.

మన విషయానికి ఇందులో ఉన్న ప్రాముఖ్యమేమిటి? అంతవరకు ఇతర లోకాలంటే ఊహ. పద్నాలుగు లోకాలన్నారు మనవారు. బౌద్ధులు వేల లోకధాతువులన్నారు. విశ్వంలో లెక్కలేనన్ని లోకాలున్నవన్న బ్రూనోను, ఇతర మతద్రోహాలతో సహా ఆ మాట కూడ నేరంగా ఎంచి, 1600లో రోమునగరంలో తగులబెట్టినారు. ఊహకు ఊహ సమాధానం. గుంటూరు వంటి చోట్ల వెలుగును చదివిన తరువాతనే, అక్కడి పదార్థమూ ఇక్కడి పదార్థమూ ఒకటేనని రుజువైనది. పదార్థం ఒకటే అయినప్పుడు, ఇక్కడ జరిగినది అక్కడ ఎందుకు జరుగరాదు అని అడిగే హక్కు మనిషికి అప్పుడు వచ్చినది.

ఆనాడే వనపర్తిలో ఇదే గ్రహణాన్ని చూచిన మరొకరిని ఇక్కడ తలచుకోవాలి. ఆయన చింతామణి రఘునాథాచారి. మద్రాసు వేధశాలలో ఉద్యోగి. పంచాంగకర్తల వంశం వాడు. పగలు పంచాంగం గుణించి, రాత్రి దుర్బిణిలో చూచి, రెండూ కలియనిచోట పంచాంగాన్నే దిద్దిన ధీరుడు. దృగ్గణిత పంచాంగం ప్రకటించినాడు. 1867లో దక్షిణాకాశంలో వెలుగు మారే ఒక నక్షత్రాన్ని కనుగొన్నాడు. 1872లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా తీసుకొన్నది. 1874లో రాబోయే శుక్ర సంక్రమణాన్ని గూర్చి సామాన్యులకు తెలిసేటట్లు చిన్న పుస్తకం వ్రాసి దేశభాషలలో వెలువరించినాడు. మనం ఉగాదినాడు వినే పంచాంగం వెనుక ఇటువంటి మనుష్యులున్నారని పిల్లలకు చెప్పడం మంచిది.

ఆ శుక్ర సంక్రమణం, అనగా సూర్యబింబం మీదుగా శుక్రుడు నల్లని చుక్కవలె ప్రాకడం, 1874 డిసెంబరు 9న జరిగినది. విశాఖపట్నంలో దానిని చూచి లెక్కలు వ్రాసి లండనుకు పంపినవాడు అంకితం వెంకట నరసింగరావు. ఆయన మామ గోడే వెంకట జగ్గారావు జమీందారీ కుటుంబంలో పుట్టి, మద్రాసు వేధశాలలో టేలర్ వద్ద విద్య నేర్చి, 1840లో విశాఖలో సొంత ఖర్చుతో వేధశాల కట్టినవాడు. జమీందార్లు ఏనుగుల మీదా మేజువాణీల మీదా ధనం వెచ్చించిన రోజులవి. జగ్గారావు మాత్రం దుర్బిణి కొన్నాడు!

2004లోను, 2012లోను మనం కూడ ఆ నల్లచుక్కను చూడగలిగినాము. మళ్లీ 2117 వరకు లేదు. కాని ఇతర నక్షత్రాల ముందునుండి వాటి గ్రహాలు ఇట్లే ప్రాకుతున్నవి. ప్రాకినప్పుడు నక్షత్రపు వెలుగు రవ్వంత తగ్గుతుంది. మన భూమి సూర్యుని ముందు నడిస్తే దూరాన ఉన్నవానికి తగ్గే వెలుగు లక్షలో ఎనిమిది వంతులు. పెట్రోమాక్సు దీపం ముందు దోమ వ్రాలితే వీధి చివరివాడు పసిగట్టినట్లు. ఆ రవ్వంత తగ్గుదలను కొలిచే కెప్లర్ అనే అంతరిక్ష దుర్బిణి 2009 నుండి 2018 వరకు పనిచేసి రెండువేల ఆరువందలకు పైగా గ్రహాలను పట్టి ఇచ్చినది. అన్ని విధాలా కలిపి 2025 నాటికి లెక్క ఆరువేలు దాటినది. వాటిలో రాతి గ్రహాలున్నవి, నీరు నిలువదగినవి కొన్ని ఉన్నవి. కాపురమున్నట్లు తేలినది ఒక్కటీ లేదు.

ఇక కుజుని సంగతి. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు. ధాత కరువని మన పెద్దలు చెప్పుకొన్నది అదే. సరిగా ఆ నడుమ, 1877లో, ఇటలీలో షియాపరెల్లి అనే పండితుడు కుజగ్రహం మీద సన్నని గీతలు చూచినాడు. వాటిని కాలువలని అనువదించుకొన్నారు. అమెరికా ధనికుడు పెర్సివల్ లోవెల్ ఇంకా ముందుకు పోయి, ఎండిపోతున్న లోకంలో మేధావులైన ప్రజలు ధ్రువాల మంచునుండి పొలాలకు నీరు పారించుకొనే కాలువలవి అని 1895లో గ్రంథమే వ్రాసినాడు. అదే 1895లో మన మధుర సీమలో పెరియారు నీటిని కొండ తొలిచి వైగైకి మళ్లించినారు! వానకోసం మొగం వాచిన నేలమీద, కమ్మాయి గట్టున కూర్చుని వినేవానికి లోవెల్ కథ ఎంత నిజమనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. నాకు లోవెల్ మీద కోపం లేదు. దాహం ఎరిగినవాని ఊహ అది. కాని ఊహ ఊహే. 1907లో వాలేస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు, కుజుని చలిలో, పలుచని గాలిలో నీటికాలువలు సాగవని లెక్కకట్టి చూపినాడు. 1965 జూలైలో మేరినర్ 4 అనే అమెరికా నౌక ప్రక్కగా పోతూ తీసిన చిత్రాలలో గుంటలు తప్ప కాలువలు లేవు.

ఆ కరువుల వల్లనే మనకొక మేలు జరిగినది. సూర్యునిలోని మార్పులకూ వర్షాలకూ సంబంధమున్నదేమో తేల్చాలన్న ఆలోచన బలపడి, 1899లో మన పళనికొండలపై కొడైకెనాల్ సూర్యవేధశాల ఏర్పడినది. వాన సంగతి తేలలేదు గాని, నూరేళ్లకు పైగా సూర్యుని చిత్రాలు అక్కడ పోగుపడినవి. కుజుని వద్దకు మనవారు కూడ పోయినారు. 2013 నవంబరు 5న శ్రీహరికోటనుండి బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న కుజుని చేరినది. కొన్ని జీవులు విడిచే మీథేను వాయువు కుజుని గాలిలో ఉన్నదేమో వెదకే పరికరం అందులో ఉన్నది. 2022లో దానితో సంబంధం తెగిపోయినది. మన రాకెట్ల ద్రవ ఇంధన ఇంజన్లను పరీక్షించేది తిరునెల్వేలి జిల్లా మహేంద్రగిరిలో. మన తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్నంలో రెండవ ప్రయోగకేంద్రానికి 2024లో శంకుస్థాపన జరిగినది.

పురాణాలలోని విమానాలను చూపి, పైలోకాలవారు పూర్వం మన ఇండ్లకు వచ్చి పోయినారని సభలలో ఉపన్యసించేవారున్నారు. అది కావ్యానికీ అన్యాయమే, శాస్త్రానికీ అన్యాయమే. ఈ విషయంలో హైదరాబాదులో జరిగిన ఒక పరిశోధన నాకు చాలా గౌరవప్రదంగా తోస్తుంది. జయంత్ నార్లీకర్ ప్రభృతులు పూనుకొని, 2005 ఏప్రిల్‌లో టాటా సంస్థ బెలూన్ కేంద్రంనుండి పెద్ద బెలూను ఎగురవేసి, 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తున ఉన్న గాలిని శుద్ధిచేసిన గొట్టాలలో పట్టి తెచ్చినారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., పూనాలోని మరొక సంస్థ విడివిడిగా పరీక్షించినవి. అంతవరకు ఎవరూ ఎరుగని మూడు సూక్ష్మజీవులు బయటపడినవి. ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టినారు. అవి ఆకాశంనుండి రాలినవని ప్రకటించి ఉంటే పత్రికలు పండుగ చేసుకొనేవి. కాని 2009లో ఫలితాలు వెల్లడిస్తూ, ఇవి భూమికి బయటివని ఈ పరిశోధన నిశ్చయంగా నిరూపించదని వారే చెప్పినారు. ఆ ఒక్క వాక్యం కోసం నేను ఆ బెలూనును తలచుకొంటాను.

ఇటీవలి సంగతి కూడ అట్టిదే. భారతదేశంలో పుట్టి కేంబ్రిడ్జిలో ఆచార్యుడైన నిక్కు మధుసూదన్, 124 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న కె2-18బి అనే గ్రహపు గాలిని జేమ్స్ వెబ్ దుర్బిణితో చదివించినారు. గుంటూరు విద్యే, సాధనం మాత్రం పెద్దది. 2023లో మీథేను, బొగ్గుపులుసు వాయువు కనబడినవి. మన సముద్రాలలో సూక్ష్మజీవులు పుట్టించే ఒక గంధక పదార్థపు జాడ ఉన్నదని 2025 ఏప్రిల్‌లో ప్రకటించినారు. ఆ జాడ చాలదని, కొలతల గజిబిజి కావచ్చునని ఇతరులు వాదించినారు. ఆ వాదం ఇంకా తెగలేదు.

సూక్ష్మజీవులు వేరు, బుద్ధిజీవులు వేరు. భూమిపై జీవం పుట్టి 350 కోట్ల ఏళ్లకు పైగా అయినది. అందులో రేడియో ద్వారా పలుకగలగడం నూటముప్ఫై ఏళ్ల మాట. ఒకరు పలికే ఆ చిన్న ఘడియలో రెండవవారు వింటూ ఉండడం ఎంత దుర్లభమో ఆలోచించండి. అయినా 1960లో అమెరికాలో ఫ్రాంక్ డ్రేక్ రెండు నక్షత్రాలవైపు చెవి ఒగ్గి విన్నాడు. ఏమీ వినబడలేదు. 2019లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ దుర్బిణికి మన త్రిశంకు ప్రక్కనున్న ప్రాక్సిమా దిక్కునుండే ఒక ధ్వని అందినది. దానిని పరిశీలించినారు. తుదకు అది మన భూమి యంత్రాల గోలే అని 2021లో తేలినది. పొరుగువాడు పిలిచినాడని పరుగెత్తి తలుపు తీస్తే మన ఇంటి గడియారమే మ్రోగినట్లయినది.

వినడం ఇట్లుండగా, పలకడం కూడ జరిగినది. 1977లో అమెరికావారు వాయేజర్ అనే రెండు నౌకలను పంపినారు. ఒక్కొక్కదానిలో బంగారు పూత పూసిన పన్నెండంగుళాల రాగి రికార్డు అమర్చినారు. కార్ల్ సేగన్ పూనికతో తయారైన ఆ రికార్డులో 55 భాషలలో పలకరింపులు ఉన్నవి. అందులో తెలుగు ఉన్నది. తెలుగు మాటాడే జనంనుండి శుభాకాంక్షలని ఒక తెలుగువాని గొంతు క్లుప్తంగా చెప్పుతుంది. కన్నడమున్నది, ఒరియా ఉన్నది, సింహళమున్నది. తమిళం లేదు. ద్వేషంతో విడిచినది కాదు. చాలావరకు కార్నెల్ విశ్వవిద్యాలయంలో దొరికినవారిని పిలిచి, తొందరలో పట్టిన రికార్డు అది. అయినా మన ఊళ్లలో ఉన్నవారికి ఇది కొంచెం నొప్పి కలిగించే సంగతే. ఇంట్లో అమ్మ పిలిచే మాట పోయినది, బడిలో, సంతలో, వీధిలో మనకు అన్నం పెట్టిన మాట పోలేదు.

మరొక సంగతి గమనించండి. ఆ రికార్డులో తెలుగు గొంతుగానే ఉన్నది, అక్షరంగా లేదు. మన ఇండ్లలోనూ అంతే కదా. తరతరాలుగా తెలుగు చెవికి తెలుసును, చాలామందికి కంటికి తెలియదు. ఈ సంచికను కూడ మనవడిచేతనో, తెలుగు చదవను నేర్చిన ప్రక్కింటివారిచేతనో చదివించుకొని వినే పెద్దలున్నారు. లిపి అండ లేకుండా నోటితోనే ఇన్ని తరాలు నిలిచిన మాట అది. మన పిల్లలు దానిని ఇంకెన్నాళ్లు పలుకుతారో నేను జోస్యం చెప్పను. వాయేజర్ మీదిది మాత్రం ఇంకా చాలా లక్షల ఏళ్లు చెడదని లెక్క.

1977 సెప్టెంబరు 5న బయలుదేరిన మొదటి వాయేజర్ 2012 ఆగస్టులో సూర్యుని గాలి హద్దు దాటినది. 2025 నాటికి 2,500 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నది. మానవుడు చేసిన వస్తువులలో అంత దూరం వలసపోయినది మరొకటి లేదు. సుమారు నలభైవేల ఏళ్లకు అది ఒక చిన్న నక్షత్రానికి 1.6 కాంతి సంవత్సరాల దూరంనుండి సాగిపోతుంది. అక్కడెవరైనా ఉన్నారో లేరో తెలియదు.

చూడదలచినవారికి ఒక మాట. వైశాఖంలో, చంద్రుడు లేని రాత్రి, పదకొండు గంటల వేళ మిద్దెమీద దక్షిణముఖంగా నిలిస్తే త్రిశంకు, దాని ఎడమప్రక్క రెండు చుక్కలు కనబడతవి. ఎడమ చివరిది ఆల్ఫా సెంటారి. జ్యేష్ఠం చివర అదే వేళకు తల పూర్తిగా పైకెత్తితే, వృశ్చికానికి ఉత్తరాన, మొదటి వాయేజర్ పోతున్న దిక్కు వస్తుంది. కంటికి ఆనదు, కాని అది రోజుకొకసారి కోవిల్‌పట్టి నడినెత్తికి మూడు డిగ్రీల దాపునుండే దాటుతుంది. ఆ రోజులలో మనకు గాలి ఎక్కువ, వాన తక్కువ. ఆకాశం సాధారణంగా తెరపిగానే ఉంటుంది.